మన్యం కనుమలకు దారులు

విశాఖపట్నం నుండి అరకులోయకు వెళ్లగోరే యాత్రికునికి నేడు ప్రయాణ సౌకర్యాలకు కొదవ లేదు. తెల్లవారుతూనే బయలుదేరే కిరండోల్ రైలు ఎక్కితే సొరంగాల గుండా సాగి, ఎండ ముదరకముందే అరకులో దిగవచ్చు. రోడ్డున వెళ్లదలచినవారు శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కితే సుమారు 115 కిలోమీటర్ల ప్రయాణం. అయితే విశాఖ మన్యమంటే అరకు ఒక్కటే కాదు. చోడవరం, మాడుగుల మీదుగా పాడేరుకు ఎక్కే ఘాట్ రోడ్డు రెండవది. నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కేది మూడవది. ఈ మూడు ఘాట్ రోడ్లు, ఒక రైలు మార్గం మన్యానికి ప్రధాన ద్వారాలు. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పటి నుండి ఈ దారులపై రాకపోకలు మరింత పెరిగాయి.

వేసవి సెలవులలో ఈ దారులవెంట సాగే కార్ల వరుసను చూచినవారికి ఇవి యాత్రికుల కొరకే పుట్టాయేమోననిపించడం సహజం. చరిత్ర విద్యార్థికి మాత్రం ప్రతి దారి వద్దా ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఈ దారి ఎవరు వేయించారు? దేనిని పైకి చేర్చడానికి, దేనిని కిందికి దించడానికి వేయించారు?

చక్రం ఎరుగని కాలంలో మన్యానికి దారులు లేవనుకోవడం పొరపాటు. కాలిబాటలు అసంఖ్యాకంగా ఉండేవి. గిరిజనుడు కావిడి భుజాన వేసుకొని చింతపండు, పసుపు, పిప్పళ్లు, వలిసెలు, తేనె మోసుకొని కొండ దిగేవాడు. తిరుగు ప్రయాణంలో ఉప్పు, ఎండుచేప, బట్ట కొండ ఎక్కేవి. ఈ వర్తకంలో పెద్దపాలు లంబాడీల పెరిక ఎడ్లది. వీపున రెండు వైపులా గోతాలు వేలాడుతుండగా ఎడ్ల మందలు వరుస కట్టి కనుమలు దాటేవి. కొండలలో పుట్టని ఉప్పే ఈ బాటలన్నింటికీ మూలాధారమంటే అతిశయోక్తి కాదు. శృంగవరపుకోట, మాడుగుల, చోడవరం వంటి ఊళ్లు కొండపాద పట్టణాలుగా, సంతలుగా ఎదగడానికి కారణం కూడా ఇదే. ఈ బాటలను ఏ ప్రభుత్వమూ వేయలేదు. వాటి వాలును, మలుపులను నిర్ణయించినవి బరువు మోసే మనిషి ఊపిరి, ఎద్దు గిట్ట.

కంపెనీ ప్రభుత్వం మన్యంలో కాలూనినది తన అవసరాల కొరకు. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలలో తరచు తలెత్తిన తిరుగుబాట్లను అణచివేసిన పిమ్మట, 1839 నాటి 24వ చట్టం ద్వారా ఈ ప్రాంతాన్ని సాధారణ న్యాయ పరిధి నుండి తప్పించి గవర్నరు ఏజెంటు అధీనంలో ఉంచారు. ‘ఏజెన్సీ’ అనే మాట మన వాడుకలోకి వచ్చినది అప్పుడే. ఏజెంటుకు, అతని సిబ్బందికి కొండ ఎక్కడం సులభమైన పని కాదు. మన్యపు చలిజ్వరం, అంటే మలేరియా, ఫిరంగి కంటె భయంకరమైన కావలిదారు. దొరలు శీతకాలంలో కొద్ది వారాలు పర్యటించి దిగివచ్చేవారు. వారి గుడారాలు, పెట్టెలు, వంటసామాను మోయవలసినది మాత్రం గ్రామస్థులే. దీనికి ‘వెట్టి’ అని పేరు. ముఠాదారు ఇంటికొక మనిషిని పిలిపించి అధికారుల సామాను తరువాతి మజిలీ దాకా మోయించేవాడు. కాబట్టి మన్యంలో ప్రభుత్వ రవాణా సాధనం తొలుత మనిషి వీపు అని చెప్పాలి.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయంపై ఆంక్షలు విధించింది. అడవిని కాపాడాలన్నా, అందలి కలపను దించాలన్నా, పోలీసు స్టేషన్లకు సామగ్రి చేర్చాలన్నా బండి నడిచే రోడ్డు అవసరమైంది. ఈ పరిణామాల పరాకాష్ఠ గూడెం మన్యంలో కనిపిస్తుంది.

నర్సీపట్నం నుండి చింతపల్లి వైపు రోడ్డు నిర్మాణం సాగుతున్న రోజులలో గూడెం డిప్యూటీ తహశీల్దారుగా బాస్టియన్ అనే అధికారి ఉండేవాడు. రాళ్లు కొట్టడానికి, మట్టి మోయడానికి గిరిజనులను బలవంతంగా రప్పించేవాడు. నిర్ణయించిన కూలి పూర్తిగా చేతికందేది కాదు. ఎదురాడినవారికి దెబ్బలు తప్పేవి కావు. పోడు పనులు ముమ్మరంగా ఉండే రోజులలో మనిషిని రోడ్డు పనికి లాగుకొనిపోతే ఆ ఏడు ఆ ఇంట గింజ ఉండదు. ఈ సంగతి చెప్పకుండా 1922 తిరుగుబాటును పోలీసు స్టేషన్లపై దాడుల కథగా మాత్రమే చెప్పడం మన పాఠ్యపుస్తకాలలో ఒక లోపమని నా అభిప్రాయం. అల్లూరి సీతారామరాజు వెంట నిలిచిన గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు బాస్టియన్ దౌర్జన్యాన్ని స్వయంగా అనుభవించినవారే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లపై దాడులు జరిగాయి. వరుసగా మూడు రోజులు, మూడు చోట్ల. రోడ్డును నమ్ముకొన్న ప్రభుత్వం కంటె కాలిబాటను నమ్ముకొన్న విప్లవకారులే వేగంగా కదిలారని ఈ తేదీలే చెబుతున్నాయి.

అదే సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో మరొక ఘటన జరిగింది. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారుల వెంట బలగాలు ఇరుకైన బాటలో వరుసగా నడుస్తుండగా, ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, అధికారులిద్దరినీ కాల్చివేశారు. ఆ పిమ్మట ప్రభుత్వం మలబారు ప్రత్యేక పోలీసులను, తరువాత అస్సాం రైఫిల్స్‌ను రప్పించింది. అడవి కొండలలో నడవడం ఎరిగిన సేన కావలసివచ్చింది మరి! 1924 మే 7న కొయ్యూరు వద్ద రాజును చెట్టుకు కట్టి కాల్చివేశారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. నేడు లంబసింగిలో పొగమంచు చూడడానికి యాత్రికులు వెళ్లేది ఆనాడు వెట్టిచాకిరితో పడిన ఆ మార్గంలోనే. మైలురాళ్ల మీద మాత్రం ఈ ముక్క రాసి ఉండదు.

ఇక రైలు సంగతి. కొత్తవలస–కిరండోల్ మార్గం మన్యవాసుల ప్రయాణానికి ఉద్దేశించినది కాదు. బస్తరు ప్రాంతంలోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికై 1960వ దశకంలో నిర్మించినది. మొత్తం పొడవు సుమారు 445 కిలోమీటర్లు, సొరంగాలు 58. సముద్రతీరపు మైదానం నుండి బయలుదేరిన పట్టాలు శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు దాటి శిమిలిగుడ చేరేసరికి సుమారు 996 మీటర్ల ఎత్తుకు ఎక్కుతాయి. బ్రాడ్‌గేజి స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైనదిగా శిమిలిగుడకు చాలాకాలం ఖ్యాతి ఉండేది. 2008లో కాశ్మీరులోయలో రైలు నడవడంతో ఆ ఖ్యాతి ఉత్తరానికి తరలిపోయింది. ఇంజనీర్ల నైపుణ్యానికి ఈ మార్గం గొప్ప నిదర్శనమనడంలో సందేహం లేదు. నేను మొదటిసారి ఈ రైలులో ప్రయాణించినపుడు బండిని ఒక చిన్న స్టేషనులో నిలిపివేశారు. ఎదురుగా ఎర్రని ఖనిజపు ధూళితో నిండిన గూడ్సు బండి, ముందు మూడు ఇంజన్లతో, నిమిషాల తరబడి దాటుతూనే ఉన్నది. ఎవరి మార్గంలో ఎవరు అతిథులో ఆ నిమిషాలలో నాకు తేటతెల్లమైంది.

అయినప్పటికీ ఈ రైలు మన్యానికి చేసిన మేలును కాదనలేము. సంతకు వెళ్లే స్త్రీలు, చదువుకొనే పిల్లలు, నగరపు ఆసుపత్రికి వెళ్లే రోగులు ఖనిజం కొరకు పడిన పట్టాలనే తమవిగా చేసుకొన్నారు. 2017లో ఈ రైలుకు అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ పెట్టెను జోడించారు. అదే బండి సాధారణ పెట్టెలలో పనస పండ్ల గంపలు, అడ్డాకుల కట్టలు ప్రయాణిస్తాయి. కొండను చూడదలచినవారు మొదటిదానిలో, కొండవారిని చూడదలచినవారు రెండవదానిలో ఎక్కడం మేలు.

స్వాతంత్ర్యానంతరం ఆర్టీసీ బస్సులు పాడేరు, చింతపల్లి చేరాయి. బస్సు ఆగిన చోటు నుండి సర్వీసు జీపు, జీపు ఆగిన చోటు నుండి కాలినడక. 2000లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానంలో 500, గిరిజన ప్రాంతాలలో 250 జనాభా గల ఆవాసాలను అర్హమైనవిగా నిర్ణయించింది. కొలమానం సడలించడం సబబే. కాని కొండకొనల మీది పల్లెలలో పది, ఇరవై గడపలున్నవి ఎన్నో ఉన్నాయి. 2023లో ప్రారంభించిన పీఎం జన్‌మన్ పథకం ఖోండు, పోర్జ, గదబ వంటి ఆదిమ సమూహాల ఆవాసాలకు ఈ హద్దును 100కు తగ్గించింది. దస్త్రాలు చూచే ఉద్యోగిగా ఈ అంకెల వెనుక గల తర్జనభర్జన నాకు తెలియనిది కాదు. అయితే 99 మంది ఉన్న ఊరిలో కూడా కాన్పులు వస్తాయి.

అట్టి ఊరిలో నేటికీ రవాణా సాధనం డోలీయే. ఒక వెదురు బొంగుకు దుప్పటి ఊయలలా కట్టి, అందులో గర్భిణిని పడుకోబెట్టి, ఇద్దరు మోస్తుండగా మరో ఇద్దరు వంతు కొరకు వెంట నడుస్తారు. 2018లో మోటారు సైకిలుకు జోడించిన ఫీడర్ అంబులెన్సులు వచ్చాక కొన్నిచోట్ల మోత దూరం తగ్గింది. ఒకప్పుడు దొరల సామాను మోసిన భుజాలే ఇవి. ఇపుడు మోసేది తమవారిని.

సుమారు ఇరవై ఏళ్ల క్రితం ఉద్యోగ శిక్షణలో భాగంగా పాడేరు సమీపాన ఒక కొండపల్లెకు వెళ్లాను. రోడ్డు దాకా ఎన్ని కిలోమీటర్లని ఒక పెద్దాయనను అడిగాను. ‘‘ఒట్టి చేతులతోనా, బరువుతోనా బాబూ?’’ అని ఆయన తిరిగి అడిగాడు. నేను తెల్లబోయాను. నా పటంలో దూరం ఒక్కటే ఉన్నది. ‘‘ఒట్టి చేతులతోనైతే కోడి కూతకు బయలుదేరి పొద్దు పొడిచేసరికి. పసుపు బస్తాతోనైతే అంబలి పొద్దు. డోలీతోనైతే...’’ అని ఆగి, ‘‘అది లోపలి మనిషిని బట్టి’’ అన్నాడు.

రాజమహేంద్రవరం నుండి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516-ఇ జాతీయ రహదారి మన్యాన్ని ఈ కొస నుండి ఆ కొసకు కలుపుతుంది. రాజు పట్టుబడిన ప్రాంతం ఇపుడు జాతీయ రహదారి మీది ఊరు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ ఈ దారిన దిగవలసి ఉన్నది. ఈ దారిన వెళ్లే యాత్రికులు వీలైతే సంత రోజున వెళ్లాలి. రహదారి పక్కన గంపలు దించుకొని కూర్చున్నవారిని ఏ ఊరని అడిగితే వారు చేయి చాచి చూపేది రోడ్డువైపు కాదు, పైన కొండమీద సన్నని గీతలా కనిపించే కాలిబాటవైపు.