ఫైర్ కోటు ఖర్చు ఎవరిది?

మస్కట్ అయినా సోహార్ అయినా, కంపెనీలో మంటలొస్తే ముందు ఉరికేది మనోళ్లలోంచి ఎంచిన ఫైర్ టీమే. మరి వాళ్ల కోటు, గ్లవ్స్ పైసలు ఎవరు పెట్టాలె?

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి, పేలుడు పదార్థాలు ఉన్న ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. మన దగ్గర ఏటా ఆ రోజు మొదలయ్యే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ల యాదిలోనే.

రక్షణ ఖర్చు కార్మికుడి మీద పడొద్దని 1981లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 155వ ఒప్పందంలో రాసింది. అందుకు జీతం కోయొద్దని ఒమన్ 2003 కార్మిక చట్టం కూడా చెప్పింది.

అందుకే నేననేది ఒకటే. టీమ్‌లో పేరు రాయించే ముందు సామాను చూపించమని అడగండి. అది లేకుండా పొగలోకి పోవద్దు. బయటికొచ్చి 9999కి ఫోన్ కొట్టండి.