మైసూరు జావా, ఇత్తడి ఫ్లోట్
రుస్తుం ఇరానీ నెలకొల్పిన ఐడియల్ జావా కర్మాగారంలో 1961లో, మన మైసూరులోనే, జావా బండ్ల తయారీ మొదలైంది. 1970లలో యెజ్డీ పేరు వచ్చింది. 1996లో కర్మాగారం మూతపడింది. అయినా ఇక్కడి మన తెలుగు ఇళ్లలో కూడా ఆ బండ్లు ఇంకా తిరుగుతున్నాయంటే, అది మెకానిక్కుల చేతి చలవే.

ఒక్క ఫ్లోట్ సంగతే చూద్దాం. కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మీద తేలుతూ పైకి లేచి, సూదితో దారి మూయించడం దాని పని. ఇత్తడి ఫ్లోట్‌కు చిల్లి పడితే లోపలికి పెట్రోలు చేరి బరువెక్కుతుంది. సూది మూసుకోదు, పెట్రోలు పొర్లిపోతుంది. ఫ్లోట్ విప్పి చెవి దగ్గర ఊపితే లోపల చప్పుడు వినిపిస్తుంది. వేడినీళ్లలో ముంచితే చిల్లి ఉన్నచోట బుడగలు వస్తాయి. లోపలి పెట్రోలంతా పోయి పూర్తిగా ఆరాకే టంకం పెట్టాలి, లేకపోతే ప్రమాదం. అదీ చుక్కంతే. ఎక్కువైతే ఫ్లోట్ బరువు పెరిగి, గిన్నెలో పెట్రోలు మట్టం కూడా పెరుగుతుంది. ఫ్లోట్ బాగానే ఉంటే సూది కూర్చునేచోట మురికి ఉందేమో చూడాలి.

ఈ పని తెలిసినవాళ్లు పెద్దవాళ్లైపోతున్నారు. అందుకే మాకు తెలిసినంత రాసిపెడుతున్నాం. మన సంఘం పెద్దల్లో చేయి తిరిగినవారు ఉంటే, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి విప్పి చూపించండి.