మంచం దిగితే కొంప మునుగుతుందా?

మొన్న మా నాన్నకి స్టెంట్ వేశారు. మర్నాడే ఫిజియోథెరపిస్టు అమ్మాయొచ్చి "అంకుల్, కారిడార్లో నాలుగడుగులు వేద్దామా?" అనగానే మా పెద్దత్తయ్య ఇంతెత్తున లేచింది. "గుండెపోటొచ్చినవాణ్ణి నడిపిస్తారట్రా!" నిజం చెప్పొద్దూ, నాకూ గుబులే. రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, అత్తయ్యది మూఢనమ్మకం కాదు, ఒకప్పటి వైద్యశాస్త్రమేనని.

గత శతాబ్దం మొదటి సగంలో గుండెపోటొస్తే వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. గుండె మీది గాయం మానేలోపు శ్రమ పెడితే చిట్లుతుందని భయం. లాజిక్ బానే ఉంది. కానీ అలా పడుకోబెట్టడం వల్ల కాళ్ళల్లో రక్తం గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకి చేరి పోయినవాళ్ళ సంగతో?

1947లో లండన్ డాక్టరు రిచర్డ్ ఆషర్ పడక వల్ల వచ్చే ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టాడు. 1952లో బోస్టన్లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ 81 మంది గుండెపోటు రోగుల్ని మొదటి వారంలోనే కుర్చీలో కూర్చోబెట్టిన అనుభవాన్ని ప్రచురించారు. మొదట్లో తోటి జూనియర్లు తనకి నాజీ సెల్యూట్ కొట్టి వెక్కిరించేవారని లౌనే రాసుకున్నాడు. 1966లో డల్లాస్‌లో ఆరోగ్యంగా ఉన్న అయిదుగురు కుర్రాళ్ళని మూడు వారాలు పడుకోబెడితే, ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం పావు వంతుకి పైగా పడిపోయింది. ముప్ఫయ్యేళ్ళ తర్వాత వాళ్ళనే మళ్ళీ పరీక్షిస్తే, వయసు తెచ్చిన నష్టం కంటే ఆ మూడు వారాల నష్టమే ఎక్కువని తేలింది!

అలాగని అందర్నీ లేపి నడిపించెయ్యడమేనా? కాదండీ. 2015లో పక్షవాతం రోగులు 2,104 మందితో చేసిన అవర్ట్ ప్రయోగంలో, 24 గంటల్లోపే లేపి ఎక్కువగా కదిలించినవాళ్ళు మిగతావాళ్ళ కంటే కాస్త తక్కువగానే కోలుకున్నారు. అంటే నడక కూడా మందే, మోతాదు ముఖ్యం.

ఆ మోతాదు తేల్చడానికి పల్స్, బీపీ, ఆక్సిజన్ చూస్తారు. బీటా బ్లాకర్ వాడేవాళ్ళకి పల్స్ అంతగా పెరగదు, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మలేం. అందుకే స్వీడన్ సైకాలజిస్టు గున్నార్ బోర్గ్ తయారుచేసిన 6 నుంచి 20 దాకా ఉండే స్కేలు పెట్టుకుని "ఎంత కష్టంగా ఉంది?" అని రోగినే అడుగుతారు. డాష్‌బోర్డు పచ్చగా ఉన్నా యూజర్నీ ఓ మాట అడగాలి కదా!

మర్నాడు ఆ అమ్మాయి అడిగితే నాన్న బింకంగా "తొమ్మిదేనమ్మా" అన్నాడు, మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుని. ఆ అమ్మాయి నవ్వి, కుర్చీ దగ్గరికి లాగింది.

"నే చెప్పలా?" అంది అత్తయ్య. సగం కరెక్టే మరి!