ఫ్యాక్టరీ రంగు, షెడ్డు రంగు

హైదరాబాద్ తూర్పు దిక్కున బండికి రంగు వేసే పని మోటారు కారు ఇక్కడికి రాకముందే మొదలైంది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వాళ్లు 1893లో లాలాగూడలో వర్క్‌షాప్ పెట్టారు. ఇప్పటి పారిశ్రామిక వాడ నాచారం అక్కడికి పెద్ద దూరమేం కాదు. అప్పట్లో రైలు పెట్టెలు చెక్కవి. ఆ కాలంలో పెట్టెకు రంగు వేసే తీరు చాలా చోట్ల ఇంచుమించు ఒకటే. సీసం కలిసిన అస్తరు వేయాలి, గుంటలు లప్పంతో పూడ్చాలి, ఎండాక రాయితో నీళ్లు చల్లుతూ రుద్దాలి, దానిమీద రంగు, రంగు మీద వార్నిష్. నూనె రంగు గాలి పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది కాబట్టి ఒక పూత మీద ఇంకో పూత వేయడానికి రోజులు ఆగాల్సిందే. తొందరపడితే పైన ఆరినట్టే కనిపించి, లోపల పచ్చిగా ఉండిపోతుంది.

పాతకాలపు ఈ పనిలో గమనించాల్సింది ఒకటుంది. పెట్టె కొత్తగా తయారైనప్పుడు వేసిన రంగూ, పదేళ్లకు మరమ్మతులో వేసిన రంగూ ఒకటే. అవే డబ్బాలు, అవే కుంచెలు, అవే చేతులు. రంగులో లోపం కనిపిస్తే గోకి మళ్లీ వేసేవారు. కొత్తదానికీ బాగుచేసినదానికీ తేడా మేస్త్రీ ఓపికలో ఉండేది తప్ప వస్తువులో కాదు.

రాజుగారి కారుకూ ఇదే వర్తించింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారుచేయించిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగులో నిగనిగలాడుతూ కనిపిస్తుంది. దాని బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. గుర్రపు బగ్గీలు కట్టడంలో తరాల అనుభవం ఉన్న ఇల్లు అది. బగ్గీకి వేసినట్టే కారుకూ వేశారు. కారు 1912 నాటిది. మహబూబ్ అలీ ఖాన్ 1911లోనే కన్నుమూశారు, ఆ బండి ఎక్కే యోగం ఆయనకు దక్కలేదు.

కుంచె పని అమెరికాలో 1920లలో కుప్పకూలింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక తుపాకి మందుకు వాడే నైట్రోసెల్యులోజ్ గిరాకీ లేకుండా మిగిలిపోయింది. డ్యూపాంట్ కంపెనీ, జనరల్ మోటార్స్ కలిసి దాని నుంచి తుంపర కొట్టగలిగే లాకర్ తయారుచేశాయి. పేరు డూకో. 1924 మోడల్ ఓక్లాండ్ కార్లు ఈ పూతతోనే నీలం రంగులో బయటికొచ్చాయి. వారాల పని గంటల్లోకి వచ్చింది. హైదరాబాద్ షెడ్లలోనూ, ఫర్నిచర్ దుకాణాల్లోనూ స్ప్రే పనిని ఇప్పటికీ ‘డూకో’ అనే పిలుస్తారు. డూకో కాలంలో కూడా ఫ్యాక్టరీకి, షెడ్డుకు మధ్య గోడ లేదు. లాకర్ దానంతటదే ఆరేది. స్ప్రే గన్, కంప్రెసర్ కొనుక్కోగల మేస్త్రీ ఫ్యాక్టరీతో సమానమైన పని చేయగలిగేవాడు.

తర్వాత వచ్చిన ఎనామెల్ రంగుల కథ నేరుగా మన ఆముదపు చేలలోకి వస్తుంది. 1920ల చివర్లో పుట్టిన ఆల్కిడ్ రెసిన్‌కు ఆరే గుణమున్న నూనె కావాలి. అందరూ వాడే అవిసె నూనె కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. తెల్ల రంగుకు అది పెద్ద తలనొప్పి. ఆముదంలో ఎనభై అయిదు నుంచి తొంభై శాతం దాకా రిసినోలిక్ ఆమ్లమే ఉంటుంది. మామూలుగా ఆముదం ఆరదు, జిడ్డుగానే ఉండిపోతుంది. అయితే వేడిచేసి, ఉత్ప్రేరకం సాయంతో దాని అణువు నుంచి నీటిని తొలగిస్తే అది చక్కగా ఆరే నూనెగా మారుతుంది, పసుపెక్కడం కూడా తక్కువ. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట పొలాలున్న పాత హైదరాబాద్ రాజ్యం దేశంలో ఆముదం విస్తారంగా పండే ప్రాంతాల్లో ఒకటి. ఆ గింజను ఎలా ఉపయోగంలోకి తేవాలన్న ప్రశ్న ఇక్కడి శాస్త్రవేత్తలకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు.

వాళ్లు పనిచేసిన చోటు తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే రోడ్డు మీదే ఉంది. 1944లో హైదరాబాద్ రాజ్యం సెంట్రల్ లాబొరేటరీస్‌గా మొదలుపెట్టిన సంస్థను 1956లో సీఎస్ఐఆర్ తీసుకుని రీజినల్ రీసెర్చ్ లాబొరేటరీ చేసింది. 1989 నుంచి అది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ. సయ్యద్ హుసేన్ జహీర్ నడిపిన తొలి రోజుల నుంచీ నూనెలు, ఉపరితల పూతలు దాని ముఖ్యమైన పనుల్లో ఉన్నాయి. నీరు తీసిన ఆముదం ఆల్కిడ్ ఎనామెల్‌కు పనికొచ్చింది. నీరు తీయకుండా అణువులోని హైడ్రాక్సిల్ సమూహాన్ని అలాగే ఉంచి ఐసోసయనేట్‌తో కలిపితే పాలీయురేథేన్ తయారవుతుంది. నేటి షెడ్డుల్లో కారు మీద కొట్టే రెండు డబ్బాల రంగు గట్టిపడేదీ అలాంటి రసాయన చర్యతోనే. ఒకే గింజ రెండు రకాల రంగుకు పనికొచ్చింది. నగరం ఈ సంగతిని గర్వంగా చెప్పుకోవాలి, ఎందుకో చెప్పుకోదు.

ప్రయోగశాలకు తూర్పున ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామిక వాడలు ఎదిగాయి. రేకుల షెడ్లు, లేత్ మిషన్లు, రసాయన కర్మాగారాలు. ఉప్పల్‌లో ఆర్టీసీ జోనల్ వర్క్‌షాప్ ఉంది. బస్సుల టింకరింగ్, పెయింటింగ్ పెద్ద ఎత్తున సాగే చోటది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీలు రోడ్లను ఏలిన ఆ దశాబ్దాల్లో కారు కొనాలంటే ఏళ్ల తరబడి వేచి ఉండాలి. చేతికొచ్చిన బండి మీద రంగు కారిన చారికలున్నా, తలుపు ఒక ఛాయలో బానెట్ ఇంకో ఛాయలో ఉన్నా షోరూంతో గొడవపడే ఓపిక ఎవరికుండేది? తెలిసిన మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లి కొట్టించేవారు. చాలాసార్లు ఆ రంగు కంపెనీ రంగు కంటే మేలుగానే ఉండేది. ఆ రోజుల్లో అది సరైన పనే.

ఆ అలవాటు మాత్రం కాలం మారినా పోలేదు. ఎనభై లక్షల కారు కొన్నవారు కూడా బానెట్ మీద నలకో, మచ్చో కనిపిస్తే ‘ఆ ఒక్క ప్యానెల్ మళ్లీ కొట్టించేస్తే పోతుంది కదా’ అంటారు. సర్వీస్ సెంటర్లు కూడా అదే మాట ముందుకు తెస్తాయి. ఇక్కడే ఆగి ఆలోచించాలి.

మధ్యలో జరిగిందేమిటంటే, ఫ్యాక్టరీ రంగు షెడ్డుకు అందనంత దూరం వెళ్లిపోయింది. 1960లలో ఫోర్డ్ కంపెనీలో జార్జ్ బ్రూవర్ బృందం బాడీ మొత్తాన్ని రంగు తొట్టిలో ముంచి, విద్యుత్తుతో పూత పట్టించే పద్ధతిని వాడుకలోకి తెచ్చింది. 1970ల నుంచి దాని మెరుగైన రూపం ప్రపంచమంతటా పాకింది. ఇవాళ్టి కారు బాడీ ఇంజన్, సీట్లు, వైర్లు ఏవీ బిగించక ముందే ఆ తొట్టిలో మునుగుతుంది. స్ప్రే గన్ అందని మూలల్లోకీ పూత చేరుతుంది. సుమారు 20 మైక్రాన్ల ఆ పొరను 170 డిగ్రీల పైచిలుకు వేడిలో కాలుస్తారు. దాని మీద ప్రైమర్, రంగు పొర, అన్నిటికీ పైన 40 నుంచి 50 మైక్రాన్ల క్లియర్ కోట్. ఆ పైపొరను మళ్లీ దాదాపు 140 డిగ్రీల్లో కాలుస్తారు. అన్నీ కలిపితే 100 నుంచి 130 మైక్రాన్లు.

తయారైన కారును 140 డిగ్రీల కొలిమిలో పెట్టడం కుదరదు. ప్లాస్టిక్ కరుగుతుంది, వైర్లు పాడవుతాయి. అందుకే ఎంత ఖరీదైన బూత్‌లోనైనా మరమ్మతు రంగును 60 డిగ్రీల ప్రాంతంలోనే ఆరబెడతారు. అది నాణ్యమైన పాలీయురేథేనే, మంచి చేయి పడితే కంటికి తేడా తెలియదు. కాని అది వేరే రసాయనం, వేరే గట్టిదనం. పైగా ఉన్న రంగును గరుకు చేసి దాని మీదే వేస్తారు కాబట్టి మందం రెట్టింపవుతుంది. రేపు కారు అమ్మబోతే, కొనేవాడు మందం కొలిచే మీటర్ ఆనించగానే 250 అని చూపిస్తుంది. యాక్సిడెంట్ బండేమోనన్న అనుమానం అక్కడే మొదలవుతుంది.

కాబట్టి లోపం ఏ రకమో తేల్చుకోవడమే మొదటి పని. నారింజ తొక్కలా గరుకుగా ఉన్న ఉపరితలం, పూతలో చిక్కుకున్న దుమ్ము నలకలు, చిన్న చారికలు పైపొర లోపాలు. సన్నని వాటర్ పేపర్‌తో రుద్ది, పాలిష్ పట్టి వీటిని చాలావరకు సరిచేయవచ్చు. ఆ పనిలో కొన్ని మైక్రాన్లు పోతాయి, క్లియర్ కోట్ పలచబడకుండా ఆగడం తెలిసినవాడే అసలైన పనివాడు. అంటుకున్న ఇనుప రజను పూతలో లోపం కాదు. రైలు బ్రేకుల నుంచీ, గ్రైండింగ్ నుంచీ వచ్చే ఆ పొడి తెల్ల కారు మీద తుప్పు చుక్కల్లా కనిపిస్తుంది, మందుతో కడిగితే వదులుతుంది. రైలు పట్టాలూ ఫ్యాబ్రికేషన్ షెడ్లూ పక్కపక్కనే ఉన్న నాచారంలో ఇది తెలుసుకోవడం అవసరం. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన ఆ దారిలో నిలిపిన బండి మీది దుమ్మును పొడిగుడ్డతో తుడిస్తే పడే గీతల్నీ ఫ్యాక్టరీ లెక్కలో వేయకూడదు. క్లియర్ కోట్ పొరలుగా లేవడం, అడుగు నుంచి బుడగలు రావడం, రంగు కింద తుప్పు కనిపించడం మాత్రం వేరు. పాలిష్‌తో అవి పోవు. అక్కడ మళ్లీ పెయింట్ చేయడం తప్పదు, అది కంపెనీ ఖర్చుతోనే జరగాలి.

ఆ మళ్లీ వేసే పని మనిషి ఊపిరితో ముడిపడి ఉంది. పాలీయురేథేన్ గట్టిపడటానికి కలిపే ఐసోసయనేట్ తుంపరగా ఊపిరితిత్తుల్లోకి వెళితే ఉబ్బసం తెస్తుంది. ఒకసారి ఒంటికి పడని స్థితి వస్తే ఆ తర్వాత కొద్దిపాటి తుంపరకే ఆయాసం వస్తుంది. ముక్కుకు కట్టుకున్న గుడ్డ దాన్ని ఆపదు, బయటి నుంచి గాలి అందించే మాస్క్ కావాలి. అనవసరంగా ఒక ప్యానెల్ కొట్టించే ముందు యజమాని ఇది కూడా లెక్కలోకి తీసుకోవాలి. లోపం కారుది, ఆయాసం పెయింటర్‌ది కావడం అన్యాయం.

కొత్త కారు రంగు మీద ప్రపంచంలో అన్నిటికంటే పేరుపడ్డ వ్యాజ్యం అమెరికాలోని అలబామాలో నడిచింది. 1990 జనవరిలో ఐరా గోర్ అనే డాక్టరు 40,750 డాలర్లకు కొత్త బీఎమ్‌డబ్ల్యూ కొన్నాడు. ఆయన కంటికి లోపమేదీ కనిపించలేదు. తొమ్మిది నెలలకు మరింత మెరిపిద్దామని డీటెయిలింగ్ షాపుకు తీసుకెళితే, అక్కడి పనివాడు కారుకు మళ్లీ రంగు వేసిన గుర్తులు పట్టాడు. జర్మనీ నుంచి వచ్చే దారిలో ఆమ్ల వర్షానికి పూత దెబ్బతినిందనీ, అమెరికాలో దిగాక మళ్లీ వేశారనీ తర్వాత తేలింది. మరమ్మతు ఖర్చు 601 డాలర్లు. ఖర్చు కారు ధరలో 3 శాతం దాటకపోతే డీలర్‌కు సైతం చెప్పకుండా కొత్తదిగా అమ్మడం కంపెనీ విధానం. జ్యూరీ నష్టపరిహారంగా 4,000 డాలర్లు, శిక్షగా మరో 40 లక్షల డాలర్లు వేసింది. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ శిక్షను సగానికి తగ్గించింది. 1996 మే 20న అమెరికా సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో అది కూడా మితిమీరిందని తేల్చింది, చివరికి 50 వేల డాలర్లు ఖరారైంది. ఆ అంకెల్లో జనం ఎక్కువగా చెప్పుకునేది 40 లక్షలు. కాని ముఖ్యమైనది 4,000. మళ్లీ రంగు వేసిన కారు విలువ పది శాతం తగ్గుతుందన్న సాక్ష్యం మీద నిలిచిన లెక్క అది. రంగు అందం కోసమే కాదు, ఆస్తి కూడా అని ఒక న్యాయస్థానం ఒప్పుకున్నట్టయింది.

హైదరాబాద్‌కూ ఇలాంటి ఖరీదైన కారు తగాదా ఒకటుంది. 2009 సెప్టెంబర్‌లో ఇక్కడ ఒక సంస్థ కొన్న బీఎమ్‌డబ్ల్యూ 7 సిరీస్ కొద్ది రోజుల్లోనే మొరాయించింది. గొడవ రంగు గురించి కాదు, బండి నడకలో లోపం గురించి. క్రిమినల్ కేసు దాకా వెళ్లింది. 2012లో హైకోర్టు కేసు కొట్టేస్తూనే కొత్త కారు ఇవ్వమంది. కంపెనీ ఇస్తానన్నా కొన్నవారు ఒప్పుకోలేదు, డబ్బే కావాలన్నారు. 2024 జూలైలో సుప్రీంకోర్టు 50 లక్షల రూపాయలు చెల్లించమని చెప్పి ముగించింది. దాదాపు పదిహేనేళ్లు.

రంగు విషయంలో మన చట్టం దారి కొంచెం ఇరుకు. 2006లో మారుతీ కారు క్లచ్ కేసులో సుప్రీంకోర్టు, లోపమున్న భాగాన్ని మార్చగలిగితే మొత్తం కారు మార్చనక్కర్లేదని చెప్పింది. క్లచ్‌ను విప్పి కొత్తది బిగించవచ్చు. ఫ్యాక్టరీలో కాల్చిన పూతను అలా మార్చడానికి వీల్లేదు, దాని బదులు వచ్చేది షెడ్డు పూతే. ఈ తేడాను వినియోగదారుల కమిషన్ ముందు వివరంగా చెప్పగలగాలి. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం తయారీదారు బాధ్యతను విడిగా గుర్తించింది. లోపం పైకి తేలకపోతే వస్తువును ప్రయోగశాలకు పంపించే అధికారం కమిషన్‌కు ఉంది. 2021 చివర్లో మార్చిన పరిమితుల ప్రకారం చెల్లించిన ధర 50 లక్షలు దాటి రెండు కోట్ల దాకా ఉంటే జిల్లా కమిషన్ కాదు, నేరుగా రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. గడువు రెండేళ్లు.

ప్రయోగశాలకు పంపినా చూడటానికి అక్కడ ఏదైనా మిగిలి ఉండాలి. పాలిష్ పట్టిన క్షణం నుంచి నలకలు, చారికలు మాయమవుతాయి, మందం మారుతుంది. డెలివరీకి ముందే ఉచితంగా సిరామిక్ కోటింగ్ వేసిస్తామంటే, కోటింగ్ కంటే ముందు బండిని ఎండలో నిలబెట్టి ప్రతి ప్యానెల్ చూడాలి. మీటర్‌తో కొలిచి, అంకె కనిపించేలా ఫొటో తీసి, తేదీతో సహా డీలర్‌కు రాతపూర్వకంగా పంపాలి. బానెట్ 115, ఎడమ తలుపు 120, కుడి తలుపు 240 అని ఉంటే కుడి తలుపు కథ షోరూం వాళ్లే చెప్పాలి. సంతకం పెట్టి తాళం తీసుకున్నాక అదే అంకెను రుజువు చేసే భారం కొన్నవారి మీద పడుతుంది.