మూకీ ప్రేమచిత్రాలు, వాటిని దాచినవాళ్లు

మాట వినబడని సినిమాలో ప్రేమను కళ్లే చెప్పాలి. 1920లలో హాలీవుడ్ ఆ విద్యలో ఆరితేరింది. ‘ఫ్లెష్ అండ్ ద డెవిల్’ (1926)లో జాన్ గిల్బర్ట్ అగ్గిపుల్ల గీస్తే ఆ వెలుగు గ్రెటా గార్బో ముఖం మీద పడుతుంది. నిజానికది ఛాయాగ్రాహకుడు విలియం డేనియల్స్ గిల్బర్ట్ చేతిలో దాచిపెట్టిన చిన్న దీపం! మరుసటి ఏడు ఫ్రాంక్ బోర్జేగీ ‘సెవెన్త్ హెవెన్’, మూర్నౌ ‘సన్‌రైజ్’ వచ్చాయి. ఈ రెండింటికీ, ‘స్ట్రీట్ ఏంజెల్’కూ కలిపి జానెట్ గేనర్ ఉత్తమ నటిగా తొలి ఆస్కార్ అందుకుంది.

టాకీలు రాగానే ఇవన్నీ పాత సరుకైపోయాయి. వెండి కోసం ప్రింట్లను కరిగించినవాళ్లూ ఉన్నారు. పైగా నైట్రేట్ ఫిల్ము అంటుకుంటే ఆర్పడం దాదాపు అసాధ్యం. 1937 జూలైలో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ గోదాము తగలబడి ఆ సంస్థ మూకీలు చాలావరకు బూడిదయ్యాయి. అమెరికాలో తయారైన దాదాపు 11 వేల మూకీ కథాచిత్రాల్లో తొలి విడుదల నాటి రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో తేల్చింది.

ఆ కొంతైనా దక్కడంలో సేకరణకర్తల వాటా పెద్దదే. స్టూడియోలు ప్రింట్లను అద్దెకిచ్చేవి తప్ప అమ్మేవి కావు. అందుకే రీళ్లు దాచుకున్నవాళ్లు ఆ సంగతి బయటపెట్టేవారు కాదు. ఇళ్లలో వేసుకునేందుకు తయారైన చిన్న సైజు ప్రతులకు ఆ భయం లేదు. బ్రిటన్‌కు చెందిన కెవిన్ బ్రౌన్‌లో చిన్నతనంలో అలాంటి ప్రతులతోనే మొదలుపెట్టి, మూకీ చరిత్రకారుడిగా ఎదిగి, 2010లో గౌరవ ఆస్కార్ పొందాడు.

అన్నిటికంటే రుచికరమైన కథ ‘బియాండ్ ద రాక్స్’ (1922)ది. తండ్రి కోసం ముసలి కోటీశ్వరుణ్ణి పెళ్లాడిన యువతిగా గ్లోరియా స్వాన్సన్, ఆమె మనసు దోచిన ప్రభువుగా రుడాల్ఫ్ వాలెంటినో నటించారు. కథ పాతచింతకాయ పచ్చడే. కానీ అంతటి తారలిద్దరూ జంటగా నటించిన ఏకైక చిత్రం, అదీ పోయిందనుకున్నది! నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో ఒక సేకరణకర్త మరణానంతరం ఫిల్మ్ మ్యూజియానికి చేరిన తుప్పుపట్టిన డబ్బాల్లో దాని రీళ్లు విడివిడిగా బయటపడ్డాయి. డచ్చి భాషలో ఉన్న టైటిల్ కార్డులకు బదులు ఇంగ్లీషువి మళ్లీ తయారుచేసి, 2005లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రదర్శించారు. అప్పటికి స్వాన్సన్ పోయి 22 ఏళ్లు.

దొరకని చిత్రాల విషయంలో వేట స్టిల్స్, పోస్టర్లు, లాబీ కార్డుల మీదికి మళ్లుతుంది. మూర్నౌ, గేనర్ మళ్లీ కలిసి చేసిన సర్కస్ ప్రేమకథ ‘4 డెవిల్స్’ (1928) ఈ కోవలోదే. దాని ఫొటోలు మిగిలాయి; ప్రింటు మాత్రం ఒక్కటీ బయటపడలేదు.