దవాఖానా ఒకటి, పెత్తనాలు రెండు

2014లో తెలంగాణ ఏర్పడేనాటికి ఉమ్మడి వరంగల్ జిల్లాలో ప్రభుత్వ వైద్య కళాశాల ఒక్కటే ఉండేది. అది 1959లో మొదలైన కాకతీయ. ఇప్పుడు అదే నేలమీద ఆరున్నాయి. మహబూబాబాద్ 2022 నవంబర్‌లో 150 సీట్లతో, జనగామ, భూపాలపల్లి 2023 సెప్టెంబర్‌లో నూరేసి సీట్లతో మొదలయ్యాయి. ములుగు, నర్సంపేట ఆ మరుసటి ఏడాది చేరాయి. రాష్ట్రమంతటా చూస్తే పదేళ్లలో ఐదు కాస్తా ముప్పై నాలుగయ్యాయి. 2016 అక్టోబర్ 11 దాకా జిల్లా కేంద్రాలు కూడా కాని ఊళ్లలో ఎంబీబీఎస్ తరగతులు నడవడం చిన్న విషయం కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడనక్కర్లేదు. అయితే ఈ కళాశాలల మీద పర్యవేక్షణ ఎవరు చేయాలి, ఏం చూసి చేయాలి అన్న ప్రశ్నకు మన చరిత్రలో సరైన జవాబు ఎన్నడూ దొరకలేదు. రోగికి అందే సేవను ఒకరు, విద్యార్థికి అందే చదువును మరొకరు చూడటం మనకు అలవాటైపోయింది. రెండూ ఒకే మంచం దగ్గర జరిగే పనులని ఆ ఇద్దరిలో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదన్నది నా వాదన.

మొదట్లో ఈ చీలిక లేదు. 1846లో నిజాం సర్కారు హైదరాబాదులో వైద్య పాఠశాల పెట్టినప్పుడు బోధన ఉర్దూలో సాగింది. పాఠశాలా సర్కారుదే, దవాఖానాలూ సర్కారువే. బ్రిటిష్ ఇండియాలో కథ వేరు. అక్కడి పట్టాలకు లండన్‌లోని జనరల్ మెడికల్ కౌన్సిల్ గుర్తింపు కావాలి. ఇండియాలో విద్యార్థులకు ప్రసూతి శిక్షణ చాలడం లేదని ఆ కౌన్సిల్ ఏళ్ల తరబడి పేచీ పెట్టి, చివరికి 1930లో గుర్తింపు తీసేసింది. ఆ అవమానం నుంచి పుట్టిందే 1933 నాటి చట్టం, దాని కింద మరుసటి ఏడాది ఏర్పడ్డ భారత వైద్య మండలి. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో వైద్యం చేసిన లైసెన్షియేట్ (డిగ్రీ లేని, డిప్లొమా స్థాయి) డాక్టర్లను ఆ చట్టం లెక్కలోకే తీసుకోలేదు. దేశ ఆరోగ్య స్థితిపై 1946లో భోర్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలోని 47 వేల పైచిలుకు డాక్టర్లలో సుమారు 30 వేల మంది ఆ కోవలోని వాళ్లే. అంటే మన వైద్య విద్య మీద తొలి జాతీయ నిఘా పుట్టుకలోనే బయటివాళ్ల మెప్పు కోసం పుట్టింది. రోగి ఎవరు, ఏ ఊరివాడు అన్నది దానికి పట్టలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం సేవకూ చదువుకూ మధ్య గోడను ఇంకాస్త గట్టిపరిచింది. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాకు వెళ్లాయి. ఉన్నత విద్యా ప్రమాణాలు కేంద్రం చేతికి పోయాయి. వైద్య విద్య 1976 సవరణతో ఉమ్మడి జాబితాలో చేరింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్నీ వైద్య శిక్షణనూ కలిపి ఆలోచించిన భోర్ కమిటీ, ప్రతి విద్యార్థికీ మూడు నెలలు నివారణ, సామాజిక వైద్యంలో శిక్షణ ఉండాలని అడిగింది. ఆ మాట పాఠ్యపుస్తకాల్లో మిగిలింది. పాలనలో మాత్రం విభజన పెరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో 1986 చట్టంతో వచ్చిన వైద్య విధాన పరిషత్తుకు ఏరియా, జిల్లా ఆసుపత్రులు దక్కాయి. ప్రాథమిక కేంద్రాలు జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌వో) కింద, బోధనాసుపత్రులు వైద్య విద్యా సంచాలకుల కింద నడిచాయి. 1993లో కొత్త కళాశాలకు కేంద్రం అనుమతి తప్పనిసరి అయ్యాక, ఢిల్లీ నుంచి వచ్చే తనిఖీ బృందం సంతకానికి విపరీతమైన ధర వచ్చింది. తర్వాతి పరిణామాలు అందరికీ తెలిసినవే: 2010లో మండలి అధ్యక్షుడి అరెస్టు, 2016లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఘాటు నివేదిక, 2020 సెప్టెంబర్ 25న మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్. 2025లో కళాశాలల తనిఖీల వ్యవహారంలోనే సీబీఐ మళ్లీ కేసు పెట్టిందంటే, పేరు మారినంత సులువుగా జబ్బు మారలేదన్నమాట.

మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి జిల్లాల్లో జరిగింది చూస్తే చీలిక ఇంకా స్పష్టంగా కనబడుతుంది. కళాశాల రావాలంటే బోధనాసుపత్రి కావాలి కాబట్టి, పరిషత్తు కింద ఉన్న ఆసుపత్రిని వైద్య విద్యా శాఖకు అప్పగించి జనరల్ ఆసుపత్రిగా మార్చారు. 2023 నాటి ప్రమాణాల ప్రకారం నూరు సీట్లకు 420 పడకలు, 150 సీట్లకు 605 పడకలు ఉండాలి. తనిఖీ లెక్కపెట్టేది పడకలను, ఆచార్యులను, హాజరును. ఆధార్ బయోమెట్రిక్‌తో డాక్టరు వచ్చాడో లేదో తెలుస్తుంది. వచ్చినవాడు ఎన్ని కాన్పులు చేశాడు, ఎందరిని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి రెఫర్ చేశాడు అన్నది ఆ యంత్రం చెప్పదు. భూపాలపల్లి నుంచి ఎంజీఎంకు అరవై కిలోమీటర్ల పైచిలుకు దారి. మహబూబాబాద్ తండాల నుంచి వచ్చే గర్భిణికి తమ ఊళ్లో కళాశాల ఉందా అన్నది పట్టదు, రాత్రి రెండు గంటలకు మత్తు డాక్టరు ఉన్నాడా అన్నదే కావాలి.

ప్రసూతి విషయమే తీసుకుందాం. 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోనే అత్యధికం. ప్రైవేటులో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. దీన్ని ఆరోగ్య శాఖ తన సమస్యగా చూస్తుంది, కాన్పుల ఆడిట్ చేయిస్తుంది. వైద్య కమిషన్ దీన్ని తన సమస్య అనుకోదు. కానీ మామూలు కాన్పులు తగ్గిన చోట చదివే విద్యార్థి మామూలు కాన్పు చేయడం ఎక్కడ నేర్చుకుంటాడు? రేపు పీహెచ్‌సీలో ఒంటరిగా ఉన్నప్పుడు అతను కూడా కత్తికో, రెఫరల్ చీటీకో మొగ్గు చూపుతాడు. సేవ పాడైతే చదువు పాడవుతుంది, చదువు పాడైతే మళ్లీ సేవ పాడవుతుంది. తొంభై ఏళ్ల కిందట లండన్ వాళ్లు పట్టుకున్న లోపం సరిగ్గా ఇదే ప్రసూతి గదిలో ఉంది. వాళ్ల ఉద్దేశం ఏదైనా, వేలు పెట్టిన చోటు సరైనదే.

సేవనూ చదువునూ కలిపి తనిఖీ చేయాలంటే వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. కొత్త కళాశాలలకు సమయం ఇవ్వాలి, కాకతీయ కూడా ఓ స్థానిక సంఘం చొరవతోనే మొదలైంది, ఇప్పుడే కఠినంగా ఉంటే వెనుకబడ్డ ప్రాంతాలకు దక్కిన సీట్లు పోతాయి అంటారు. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ ఉత్తర అమెరికాలోని 155 వైద్య పాఠశాలల మీద ఇచ్చిన నివేదిక ఆ భయానికి సాక్ష్యమే. అది చెత్త పాఠశాలల్ని మూయించింది, అలాగే నల్లజాతి వారికున్న ఏడింటిలో ఐదింటిని మూతపడేలా చేసింది. కాబట్టి మూసేయమనడం నా ఉద్దేశం కాదు. అయితే సమయం ఇవ్వడం వేరు, ఖాళీల్ని కప్పిపుచ్చడం వేరు. తనిఖీ వస్తోందంటే ఒక కళాశాల డాక్టర్లను డిప్యుటేషన్ మీద మరో కళాశాలకు పంపి లెక్క సరిపెట్టే పద్ధతి దేశంలో పాతదే. అప్పుడు నష్టపోయేది పంపిన ఊరి రోగులు. పైగా కమిషన్ నిబంధనల్లో ఒక్కో ఉల్లంఘనకు కోటి రూపాయల దాకా జరిమానా ఉంది. ప్రభుత్వ కళాశాల ఆ జరిమానా కడితే అది కూడా జనం సొమ్మే, నియామకాలకు అంత డబ్బు తగ్గినట్టే.

రెండో అభ్యంతరం, పర్యవేక్షణ రాష్ట్రానికే వదిలేయాలన్నది. కళాశాలల్లో లోపాలపై కమిషన్ ఇచ్చిన నోటీసుల తర్వాత 2025 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం కళాశాలల పర్యవేక్షణకు కమిటీలు వేసింది. ఢిల్లీ బృందానికి లేని సౌకర్యం వీటికి ఉంది: లోపం చూసినవాళ్లూ పోస్టు నింపాల్సినవాళ్లూ ఒకే సర్కారులో ఉన్నారు. అదే బలహీనత కూడా, తన పనిని తానే తనిఖీ చేసుకునేవాడు తనకు మార్కులు తక్కువ వేసుకోడు. ఈ కమిటీల నివేదికలు ఫైళ్లలో ఉండిపోతే మరో వరస కాగితాలు చేరతాయి, అంతే. జిల్లా ప్రజలకు కనిపించేలా కాన్పుల, రెఫరల్‌ల, రాత్రి డ్యూటీల లెక్కలు నెలనెలా బయటపెడితే, అవే వైద్య కమిషన్ తనిఖీకీ ఆధారమైతే, రెండు పెత్తనాలూ ఒకే రిజిస్టరు చదవక తప్పదు. అందుకు చట్టం మార్చనక్కర్లేదు.

గడువు దూరంలో లేదు. తొలి బ్యాచ్ చివరి పరీక్షలు రాసేదాకా కొత్త కళాశాలకు ఏటా వచ్చేది అనుమతి మాత్రమే, గుర్తింపు ఆ తర్వాతే. 2022లో మహబూబాబాద్‌లో చేరినవారు నాలుగున్నరేళ్ల చదువు ముగించేది 2027లో. జనగామ, భూపాలపల్లి విద్యార్థులు ఓ ఏడాది వెనక. గుర్తింపు తనిఖీకి వచ్చే బృందం అప్పుడు పడకల జాబితాతో పాటు ప్రసూతి వార్డు రిజిస్టరు కూడా అడుగుతుందా, అడిగితే ఆసుపత్రి సూపరింటెండెంటు దగ్గర చూపించదగ్గది ఉంటుందా అన్నది ఇప్పటి నుంచే ఆరా తీయాల్సిన విషయం.