రెండు రాయదుర్గాలు, ఒకటే ఎండ

రాయదుర్గం అనగానే సీమవాళ్లకు అనంతపురం జిల్లా ఊరు గుర్తొస్తుంది. కొండ మీద విజయనగర రాజుల నాటి కోట, కొండ కింద బజార్లు. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసేవాళ్లకు గుర్తొచ్చేది బ్లూ లైన్ మెట్రోలో చివరి స్టేషన్. 2019 నవంబర్ 29న రైలు ఇక్కడిదాకా వచ్చింది. ఈ రాయదుర్గానికి రెవెన్యూ రికార్డుల్లో ఇంకో తోక కూడా ఉంది: రాయదుర్గం పాయెగా. నిజాం కొలువులో పెద్ద జాగీర్దార్లయిన పాయెగా వంశం పేరు ఆ సర్వే నంబర్ల పక్కన ఇప్పటికీ నిలిచి ఉంది. అద్దాల మేడలు లేవకముందు ఇక్కడున్నవి నల్లరాతి గుట్టలు, వాటి మధ్య చిన్న ఊళ్లు.

ఈ రెండు ఊళ్లనూ ఒకచోట చేర్చడానికి నాకు కారణం పేరు కాదు, నెత్తిమీది కప్పు. హైదరాబాద్ రాయదుర్గంలో ఒక పాత బిల్డింగు పై అంతస్తు గదిలో రెండేళ్లు అద్దెకున్నాను. మే నెలలో రాత్రి పన్నెండు దాటాక కూడా మంచమెక్కి స్లాబుకు అరచెయ్యి ఆనిస్తే, ఇప్పుడే పెనం దించిన పొయ్యిగట్టులా ఉండేది. ఫ్యాను తిప్పేది ఆ వేడినే. సాయంత్రం కాగానే ఇంటావిడ డాబా మీద నాలుగు బిందెల నీళ్లు కుమ్మరించేది. నీళ్లు పడిన చోట సుర్రుమనేది. అరగంటలో తడి ఆరిపోయేది, వేడి మాత్రం తెల్లవారుజాము దాకా ఉండేది.

అదే ఎండకు అనంతపురం పల్లెల్లో మట్టి మిద్దెలు నిలబడ్డాయి. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద కర్రలో బండలో పరిచి, ఆకు అలమో బోదో వేసి, పైన మందంగా చవుడు మట్టి పోసి దిమ్మిస చేస్తారు. చవుడే ఎందుకంటే ఆ మట్టిలో సోడా గుణం ఎక్కువ. తడవగానే ఉబ్బి, రేణువులు విడివడి సందులన్నీ పూడ్చేసి నీటిని కిందికి వదలదు. ఏటా వానలకు ముందు కొత్త చవుడు చల్లుకునేవాళ్లు. మధ్యాహ్నపు ఎండ అంత మందం మట్టిని దాటి లోపలి ముఖానికి చేరేసరికి పొద్దు గూకుతుంది. అప్పటికి ఇంటిల్లిపాదీ అదే మిద్దె పైన చాపలు పరిచి ఉంటారు. గది మధ్యలో పైకప్పుకు ఒక కంత. పుస్తకాల్లో గవాక్షం, సీమ నోట గవాచి. వెలుతురు అందులోంచి దిగేది, పొగా వేడిగాలీ అందులోంచే ఎక్కేవి. మందమైన కప్పు, గాలి పోయే దారి: ఇంటికి కావలసినవి రెండూ ఉన్నాయి.

తెలంగాణలో గూన పెంకుటిళ్లది ఇంకో దారి. కుమ్మరి సారె మీద తీసిన సగం గొట్టాల్లాంటి గూనలు ఒకదానిమీద ఒకటి బోర్లిస్తే వాటి సందుల్లోంచి ఇల్లు ఊపిరి పీల్చుకునేది. ఆ గూనకూ గదికీ మధ్య చెక్కలు పరిచిన అటక, మా వైపు అటుక అంటాం. మా అమ్మమ్మ వాళ్ల అటుక మీద చింతపండు కుండలు, పగిలిన తిరగలి, పెళ్లిళ్లప్పుడు దించే ఇత్తడి గుండిగలు ఉండేవి. సామాను దాచుకునే చోటని మాత్రమే అనుకున్నాను అప్పుడు. గూన కాగినా ఆ వేడి అటుక పైనున్న గాలికి తగిలి, సందుల్లోంచి బయటికి పోయేది. కింద చాప మీద పడుకున్న పిల్లల మీదికి దిగేది కాదు. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ ఫ్యాక్టరీ పెట్టాక వచ్చిన చదును పెంకులను మనవాళ్లు ఎందుకో బెంగళూరు పెంకులన్నారు. పెంకు ఆకారం మారింది గానీ కింద అటక అలాగే ఉంది.

డల్లాస్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు ఈ అటకను మళ్లీ కలుసుకున్నారు. చూరు కింద గాలి లోపలికొచ్చే సందులు, కొప్పు దగ్గర బయటికి పోయే సందులు, నేల మీద మందంగా ఫైబర్ గ్లాస్ దూది. ప్రతి 150 చదరపుటడుగుల అటక నేలకు ఒక చదరపుటడుగు గాలి దారి వదలాలని అక్కడి ఇళ్ల కోడ్‌లో సాధారణ సూత్రం. అమ్మమ్మ ఇంట్లో అది లెక్కల్లేకుండానే జరిగిపోయేది.

ఊళ్లో పెద్ద కట్టడాలది డంగు సున్నం. ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పోసి, చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టి, బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ చల్లుతూ గట్టిపరిచిన కప్పు. రాయదుర్గం నుంచి కాస్త దూరంలోనే ఉన్న కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఆగా ఖాన్ ట్రస్ట్ 2013లో మరమ్మతులు మొదలుపెట్టినప్పుడు, గత శతాబ్దంలో పూసిన సిమెంటును తీసేసి మళ్లీ సున్నానికే వెళ్లింది.

ఆ తర్వాత స్లాబు వచ్చింది. దాని మీద నాకు కోపం లేదు. కోతులు గూన చెదరగొట్టవు, ఏటా చవుడు పోయనక్కర్లేదు, మీద ఇంకో అంతస్తు వేసుకోవచ్చు. పేదవాడికి స్లాబిల్లు గౌరవం. కానీ అయిదంగుళాల కాంక్రీటుకు చవుడంత మందమూ లేదు, అటుక కింది చల్లదనమూ లేదు. పగలంతా మింగిన ఎండను రాత్రి నేరుగా గదిలోకే వదులుతుంది. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించాక ఈ చుట్టుపక్కల లేచిన ఇళ్లలో చాలావాటి కప్పు ఇదే.

పోయిన తెలివి తిరిగొచ్చింది కూడా ఈ చుట్టుపక్కలకే. కొత్తగూడ చౌరస్తా దగ్గర సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్. నడుమ వాకిలి విడిచి గుండ్రంగా కట్టిన ఆ భవనానికి 2003లో పర్యావరణహిత కట్టడాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు దక్కింది. అమెరికా బయట ఆ గుర్తింపు పొందిన మొదటి కట్టడం అదే. 2004 జులై 14న రాష్ట్రపతి కలాం ప్రారంభించారు. దాని కప్పు మీద సగానికి పైగా మట్టి పోసి పచ్చిక పెంచారు. పక్కన రెండు గాలి బురుజులు. బయటి గాలి వాటిలోంచి దిగుతూ చల్లబడి ఏసీ యంత్రానికి చేరుతుంది. అనంతపురం మిద్దె మీది మట్టి కొత్త చదువుతో హైటెక్ సిటీ పక్కకొచ్చి కూర్చున్నట్టు అనిపిస్తుంది నాకు.

అక్కడికి దగ్గర్లోని గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆచార్యుడు విశాల్ గర్గ్, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు కలిసి హైదరాబాద్‌లోనే సత్యం లెర్నింగ్ సెంటర్ కప్పులపై తెల్లరంగు ప్రభావాన్ని కొలిచారు. ఆ ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. నల్లటి కప్పును తెల్లగా మారిస్తే ఏడాదికి చదరపు మీటరుకు 20 నుంచి 22 యూనిట్ల కరెంటు మిగిలింది. చల్లదనానికి అయ్యే కరెంటులో అది 14 నుంచి 26 శాతం. మామూలు కాంక్రీటు మీద తెల్లరంగు వేసినా 13, 14 యూనిట్లు. పెద్ద యంత్రం ఏమీ లేదు. ఎండను లోపలికి రానిచ్చాక ఏసీతో తరమడం కంటే, గుమ్మంలోనే వెనక్కి పంపడం.

నేను ఎక్కువగా తలచుకునేది మాత్రం 2017 నాటి హైదరాబాద్ దేవరకొండ బస్తీని. ఏసీ మాట ఎరగని 25 చిన్న ఇళ్ల కప్పుల మీద జీహెచ్‌ఎంసీ, ట్రిపుల్ ఐటీ, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, అమెరికా సంస్థ ఎన్‌ఆర్‌డీసీ కలిసి తెల్లటి పొర పరిచాయి. లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఆఫీసులో ఏసీని 2 డిగ్రీలు తగ్గించడానికి రిమోట్ నొక్కితే సరిపోతుంది. రేకు కింద పసిబిడ్డను పడుకోబెట్టిన తల్లికి ఆ 2 డిగ్రీలు నిద్ర. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగాలులు వెయ్యికి పైగా ప్రాణాలు తీసుకెళ్లిన సంగతి మరచిపోకూడదు.

2023 ఏప్రిల్ 3న తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పు లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌లోనే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. ఇళ్లకైతే స్థలం 600 గజాలో, అంతకు మించో ఉంటేనే తప్పనిసరి. మంచి విధానమే. కానీ 60 గజాల రేకుల ఇంటి దాకా ఆ తెల్లరంగు ఎవరు మోసుకెళ్తారన్నది నన్ను వదలని ప్రశ్న. ముందు అక్కడే వేయాలి, ఖర్చు సర్కారే పెట్టుకోవాలి అని నా గట్టి అభిప్రాయం.

పోయిన వేసవిలో రాయదుర్గంలో లేస్తున్న ఒక టవరు పక్కన కూలీల రేకుల గదుల వరసలోకి వెళ్లాను. అన్నీ నీలం రేకులే, ఒక్క గది తప్ప. దాని పైన పాత ఫ్లెక్సీ బ్యానరు ఒకటి బోర్లాపడి ఉంది. తెల్లటి వెనక వైపు ఆకాశానికి, అందులోని నవ్వు మొహం కిందికి. నాలుగు మూలలా ఇటుకలు. దగ్గరికెళ్లి చూస్తే ఫ్లెక్సీ రేకుకు అంటుకుని లేదు, సెంట్రింగ్ కర్రముక్కలు నాలుగు అడ్డంగా పెట్టి జానెడు ఎత్తున లేపారు. ఆ గదిలో ఉండే పాలమూరు ఆడమనిషిని అడిగాను, కర్రలెందుకమ్మా అని.

"రేకుకు ఆనితే ఏం లాభం సారూ, గది గూడ కాల్తది. నడుమ గాలి ఆడాలె," అంది. "మా అత్తోళ్లింట్ల అటుక ఉండె."

మాట్లాడుతూనే, గాలికి జరిగిన ఇటుకను కాలివేళ్ల మీద లేచి మళ్లీ మూలకు నెట్టింది.